నిదానం బావ లైటు పట్టించుకోని రోజు

అతని అసలు పేరు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. తోటి డ్రైవర్లకీ, లోడింగ్ క్లర్కులకీ, దారి పొడుగునా ఉన్న టీ కొట్ల వాళ్ళకీ అతను నిదానం. బండి ఎక్కే ముందు చుట్టూ ఒకసారి తిరిగి, ప్రతి టైరునీ చిన్న సుత్తితో తట్టి, ఆ చప్పుడు విని, అప్పుడు తలుపు తీసేవాడు. వెనక బల్బు ఒకటి మిణుకుమన్నా పక్కకు తీసి ఆపేసేవాడు. "నిదానం బండి వెనక పడ్డామంటే గమ్యం చేరేలోపు గడ్డం పెరుగుతుంది" అని ఎగతాళి చేసేవాళ్ళు. చేస్తే చేశారు. అన్నేళ్ళ సర్వీసులో అతని లారీ దారిలో చతికిలబడిందని చెప్పుకునే అవకాశం మాత్రం ఎవరికీ దొరకలేదు.

డాష్‌బోర్డు మీద లైటు వెలిగితే దాన్ని మనిషి మాటలాగే తీసుకునేవాడు. "పసుపు అంటే చెబుతోంది. ఎరుపు అంటే అరుస్తోంది. అరిచేదాకా ఆగేవాడికి స్టీరింగ్ ఇవ్వకూడదు" అని తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు.

అలా నేర్చుకున్నవాళ్ళలో ఆఖరివాడు అతని బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ఏ పనిలోనూ కుదురు లేదని అక్క బతిమాలితే బండి ఎక్కించుకున్నాడు. కుర్రతనంలో ఎక్కినవాడు ఇప్పుడు నెత్తిమీద జుట్టు పలచబడినా ఇంకా అదే బండిలో రెండో డ్రైవరుగా ఉన్నాడు. ఇద్దరూ వంతులేసుకుని నడిపేవాళ్ళు. ఒకరు స్టీరింగ్ పట్టుకుంటే ఇంకొకరు సీట్ల వెనక పడకమీద నిద్రపోయేవాళ్ళు. బావ నోరు తెరిచేదే తక్కువ కాబట్టి ఆ లోటు కూడా బావమరిదే భర్తీ చేసేవాడు. నిద్రలో కూడా మాట్లాడేవాడు.

నిదానం సంసారంలో గొడవలేమీ లేవు. అదే చిక్కయిందేమో ఎవరికి తెలుసు. ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చేవాడు, స్నానం చేసి, అన్నం తిని, పడుకునేవాడు. లేచి మళ్ళీ బండెక్కేవాడు. పిల్లలు పుట్టలేదు. ఆవిడ ఊరికే కూర్చోలేక ఒక కళ్ళజోళ్ళ షాపులో పనికి చేరింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "మనం విడిపోదామండీ" అంది. అతను చెయ్యి కడుక్కుని, "ఈ ట్రిప్పు అయ్యాక మాట్లాడుకుందాం" అన్నాడు. ట్రిప్పు అయ్యాక ఆవిడ మళ్ళీ అదే మాట, అంతే మెల్లగా అంది. "సరే" అన్నాడు.

విడాకులు కూడా నిదానంగానే వచ్చాయి. అతనికి కోపం రాలేదు, ఏడుపు రాలేదు. వస్తాయేమోనని కొన్నాళ్ళు చూశాడు కూడా. రాకపోయేసరికి ఆ చూడటం కూడా మానేశాడు. ఇల్లు ఆవిడకే వదిలేసి, రెండు సంచులు తెచ్చి పడక కింద పెట్టుకున్నాడు. అప్పటినుంచి లారీయే ఇల్లు. సెలవు రోజుల్లో యార్డులో ఒక మూల బండి పెట్టుకుని, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి కూర్చునేవాడు. కిందనుంచి ఆ గురగుర వినపడుతూ సీటు సన్నగా వణుకుతుంటే తప్ప కన్ను మూతపడేది కాదు. "రూము చూస్తాను బావా" అని బావమరిది ఎన్నిసార్లన్నాడో. ప్రతిసారీ "చూడు" అనేవాడు. చూశాక వెళ్ళేవాడు కాదు.

ఇక పిలుపు సంగతి. విడాకులయ్యాక బావమరిదికి పెద్ద చిక్కే వచ్చిపడింది. అక్కే కాదనుకున్నాక ఈయన్ని బావా అనడం ఏం బాగుంటుంది? పోనీ 'అన్నా' అందామంటే నోట్లోంచి ఊడిపడదు. అందుకని కొంతకాలం ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొచ్చాడు. "ఇదిగో", "చూడండి", "ఏవండీ, టీ తాగుదామా" అంటూ. యార్డులో డ్రైవర్లు విని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "ఒరేయ్, అక్క వదిలేస్తే తమ్ముడు కాపురానికొచ్చాడ్రా!" అన్నాడొకడు. ఆ దెబ్బతో బావమరిది సిగ్గుపడి ఆ సాయంత్రమే 'బావా'కి తిరిగొచ్చేశాడు. నిదానం ఈ తేడా గమనించాడో లేదో కూడా తెలీదు.

అలా కొన్నేళ్ళు గడిచాక వచ్చింది ఆ ట్రిప్పు.

కాగితం మిల్లు దగ్గర లోడు కోసం బళ్ళు వరసకట్టి ఉన్నాయి. మనిషెత్తు కాగితం చుట్టలు, ఒక్కోటి చిన్న ఏనుగంత బరువు. వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. చుట్టలు ఎక్కించి, బెల్టులు బిగిస్తుండగా బావమరిది అటు తిరిగి, బెల్టుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"బావా, రేపు అక్క పెళ్ళి చేసుకుంటోంది."

నిదానం రెండో పక్కనుంచి బెల్టు లాగుతున్నాడు.

"కళ్ళజోళ్ళ షాపాయన్ని" అన్నాడు బావమరిది. "రిజిస్ట్రారు ఆఫీసులో, మధ్యాహ్నం. గొప్పగా ఏమీ లేదు. నన్ను సాక్షి సంతకం పెట్టమంది. మన దారిలోనే కదా, నన్నక్కడ దింపేసి నువ్వు లోడు తీసుకెళ్ళిపో. మర్నాడు వచ్చి కలుస్తాను."

"ఊఁ" అన్నాడు నిదానం. "ఆ మూల చుట్ట కింద చెక్క పెట్టావా?"

"పెట్టాను."

"మంచిది."

చీమ కుట్టినట్టయినా లేదు మొహంలో. బావమరిది ఎంతో కాలంగా కడుపులో దాచుకుని, ఎలా చెప్పాలా అని నలిగిపోయిన మాట అది. ఒకరకంగా ప్రాణం తేలికపడింది. ఇంకోరకంగా, ఇదేం మనిషిరా బాబూ అనిపించింది.

ఆ పూటంతా వరసలో నిలబడి ఇంజిన్ తిరుగుతూనే ఉంది. బెల్టులు బిగించి నిదానం క్యాబిన్‌లోకి ఎక్కేసరికి డాష్‌బోర్డు మీద పసుపు లైటు ఒకటి వెలిగి ఉంది. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు నిండుతోందని చెప్పే లైటు. దానికి పెద్ద వైద్యం అక్కర్లేదు. చదునైన చోట బండి ఆపి, మీట నొక్కి, ఇంజిన్ తనంతట తాను వేగం పెంచుకుని లోపలి మసిని కాల్చేసేదాకా ఓపిగ్గా కూర్చోవడమే. రీజెన్ అంటారు డ్రైవర్లు. మామూలు రోజైతే నిదానం అప్పటికప్పుడే చేసేవాడు.

ఆ రోజు లైటుని చూశాడు. చూసి, పడక ఎక్కి పడుకున్నాడు.

తెల్లారాక అతనే స్టీరింగ్ తీసుకున్నాడు. బావమరిది ఇస్త్రీ చొక్కా ఒకటి హ్యాంగరుకు తగిలించి, అది నలగకుండా జాగ్రత్తపడుతూ పడకమీద నిద్రపోయాడు. రోడ్డు ఖాళీగా ఉంది. రెండు వైపులా గోడౌన్లు, టైల్స్ కంపెనీలు, మధ్యమధ్య ఏమీ వేయని చేలు. పసుపు లైటు అలాగే ఉంది. కొంతదూరం పోయాక మిణుకుమిణుకుమనడం మొదలెట్టింది. నిదానం దానివైపు చూస్తూనే నడిపాడు. తర్వాత బావమరిది అడిగితే, "చూశాను, చెయ్యాలని తెలుసు, చెయ్యి లేవలేదు" అన్నాడు. అంతకన్నా వివరం అతని దగ్గర లేదు.

ఎత్తు ఎక్కుతుండగా బండి ఈడ్చింది. ఎంత తొక్కినా వేగం అందుకోలేదు. ఆ తేడాకి బావమరిదికి మెలకువ వచ్చింది. పడకమీదనుంచి మెడ ముందుకు సాచి చూశాడు.

"బావా, అదేంటి, ఫిల్టరు లైటు కదూ! ఎప్పటినుంచి?"

"నిన్నటినుంచి."

"నిన్నటినుంచా!" లేచి కూర్చోబోయి తలకాయ పైకప్పుకి కొట్టుకున్నాడు. "నిన్నటినుంచి వెలుగుతుంటే ఇలాగే నడుపుతున్నావా? నువ్వేనా? ఇదే పని నేను చేసుంటే కిందకి దింపి నడిపించేవాడివి కాదూ!"

"ఊఁ" అన్నాడు నిదానం.

"ఊఁ ఏంటి ఊఁ? ముందు ఎక్కడైనా ఆపు."

ఎత్తు దాటాక మూతపడిన కాటా ఒకటి కనపడింది. లారీలు తూచే చోటు కాబట్టి నేల చదును. నిదానం బండి పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, చేతిబ్రేకు వేసి మీట నొక్కిపట్టాడు. ఇంజిన్ ఒక్క ఊపిరి తీసుకున్నట్టు ఆగి, వేగం పెంచుకుంది. పొగగొట్టం నుంచి వేడి గాలి బుసకొట్టింది. ఇప్పుడు దేన్నీ తాకకూడదు. క్లచ్ తొక్కినా, బ్రేకు కదిపినా మొత్తం మొదటికొస్తుంది.

ఇద్దరూ కిందకి దిగి నించున్నారు. బావమరిది గడియారం చూసుకోవడం, ఆకాశం చూడటం, మళ్ళీ గడియారం చూసుకోవడం. నిదానం బండినే చూస్తున్నాడు, చూస్తున్నాడంటే ఆ దిక్కుగా కళ్ళు పెట్టుకుని ఉన్నాడు.

అంతలో కేకలు వినపడ్డాయి. కాటా వెనకే మొక్కలమ్మే నర్సరీ ఉంది. చేతిలో నీళ్ళ పైపుతో ఒక ముసలావిడ పరుగులాంటి నడకతో వచ్చేస్తోంది.

"ఏం నాయనా, కళ్ళు నెత్తికెక్కాయా మీకు! మీ బండి పొగంతా నా మొక్కల మీదే! ఆకులు చూడండి, వేయించినట్టు అయిపోతున్నాయి!"

నిజమే. కంచె అవతల వరసగా పెట్టిన గులాబీ అంట్లు గొట్టానికి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. ముందు వరస అప్పుడే వాడి వేలాడుతోంది.

"బావా, ఆపేటప్పుడు చూడలేదా?"

"చూశాను" అన్నాడు నిదానం. "మొక్కలున్నాయి అనుకున్నాను."

"అనుకుంటే?"

"అంతే. అనుకున్నాను."

ముసలావిడ పైపు ఎత్తి నీళ్ళు బండి మీదకే కొట్టేలా ఉంది. బావమరిది చేతులు జోడించి, "అమ్మా, తప్పయిపోయింది, ఇప్పుడే తీసేస్తాం" అని, నిదానాన్ని క్యాబిన్‌లోకి తోసినంత పని చేశాడు. బండి కదిలించగానే రీజెన్ మధ్యలో తెగిపోయింది. అవతలి మూలకి తీసుకెళ్ళి మళ్ళీ మీట నొక్కితే ఒప్పుకోలేదు. మళ్ళీ నొక్కాడు. ఇంజిన్ వేగం పెంచుకోలేదు సరిగదా, మిణుకుమంటున్న లైటు పక్కన ఇంజిన్ బొమ్మ లైటు కూడా వచ్చి కూర్చుంది.

"ఇంకో బంధువు దిగాడు" అన్నాడు బావమరిది నీరసంగా.

ముందున్న సర్వీసు కేంద్రం దాకా ఎలాగోలా లాగుదామని బయల్దేరారు. బండి శక్తి సగానికి పడిపోయింది. రోడ్డుకి ఎడమ అంచు పట్టుకుని పాకుతోంది. సైకిలు మీద గ్యాస్ సిలిండరు కట్టుకున్నవాడు ఒకడు గంట కొట్టి దాటిపోయాడు. పోతూ పోతూ జాలిగా వెనక్కి చూశాడు కూడా. బావమరిది కిటికీలోంచి తల బయటికి పెట్టి, పొగ వస్తోందా, ఏదైనా కారుతోందా అని చూస్తున్నాడు.

అప్పుడే అతని ఫోను మోగింది. డాష్‌బోర్డు మీద పెట్టి ఉంది. చేతికి దగ్గరగా ఉన్నవాడు నిదానమే. పేరు చూడకుండానే స్పీకరు నొక్కాడు.

"ఎంతవరకు వచ్చావురా? ఇక్కడ..."

"నేను" అన్నాడు నిదానం.

విడాకులయ్యాక ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు.

"మీరా" అంది ఆవిడ. "ఎక్కడున్నారు?"

"ఎత్తు దిగాం. బండి లాగట్లేదు."

"లైటు వెలిగిందా?"

"ఊఁ."

"పసుపా, ఎరుపా?"

బావమరిది తల లోపలికి తీసుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి ప్రతి ఫోనులోనూ బండి సంగతులే విన్న మనిషి ఆవిడ. కళ్ళజోళ్ళ పనికి వెళ్ళకముందే ఆవిడకి ఇంజిన్ పని సగం వచ్చు.

"పసుపు రెండు" అన్నాడు నిదానం. సరిగ్గా ఆ మాట అంటుండగానే డాష్‌బోర్డు మధ్యలో పెద్దది, ఎర్రది వెలిగింది. గూబలు అదిరేలా బీపు మొదలైంది.

"ఆ చప్పుడేంటి? ఎరుపేనా?"

"ఊఁ. ఇప్పుడే."

"అయితే ఆపెయ్యండి."

"సర్వీసు కేంద్రం దగ్గరే. లాగితే..."

"ఏమండీ, ఆపెయ్యండి" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ఈ ఆఫీసు సాయంత్రం దాకా తీసే ఉంటుందట. ముందు వేరేవాళ్ళని పిలవమంటాను. మీరు బండి పక్కకు పెట్టి వాణ్ణి ఏదో ఒకటి ఎక్కించండి. కంగారేం లేదు."

నిదానం బండి రోడ్డు దింపి, మట్టి అంచు మీద నిలబెట్టి ఇంజిన్ ఆపాడు. బీపు ఆగింది. గురగుర ఆగింది. సీటు వణుకు కూడా ఆగింది.

"ఆపారా?"

"ఆపాను."

"సరే, ఉంటాను మరి" అని ఫోను పెట్టేసింది.

అప్పటిదాకా ఉగ్గబట్టుకున్న బావమరిదికి అరికాలి మంట నెత్తికెక్కింది. దిగి, బండి ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చి, డ్రైవరు వైపు తలుపు బార్లా తీశాడు.

"ఒక్క మాట చెప్పు బావా. కావాలనే చేశావా?"

నిదానం అతనివైపు చూశాడు.

"నేను అక్కడికి వెళ్ళకూడదని, పెళ్ళి ఆగిపోవాలని, లైటు వెలిగినా నోరు మూసుకుని తొక్కావా? బల్బు పోతే బండి ఆపేవాడివి! నాకు నేర్పింది నువ్వు! చెప్పు, అదే అయితే అదే అని చెప్పు, నేనేం అనను. మనిషన్నాక కడుపు మండుతుంది. అది నాకు అర్థమవుతుంది. ఈ 'ఊఁ' ఒక్కటి మాత్రం నా వల్ల కావట్లేదు."

నిదానం చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే లోపలికి వెళ్ళి వెతికినట్టు ఆలోచించాడు.

"తెలీదురా" అన్నాడు.

"తెలీదా?"

"కావాలని చేసుంటే తెలుస్తుంది కదా. కాదని చెబుదామన్నా, అదీ తెలియట్లేదు."

బావమరిదికి ఇంక తిట్టడానికి మనిషి దొరకలేదు. ఎదురుగా ఉన్నాడు గాని దొరకలేదు. తలుపు అలాగే వదిలేసి రోడ్డు అంచుకి పోయి నించున్నాడు.

నిదానం దిగాడు. ఎర్ర త్రికోణం బోర్డు తీసుకెళ్ళి బండికి బాగా వెనక పెట్టి వచ్చాడు. లారీ ఆఫీసుకి ఫోను చేసి మెకానిక్‌ని పంపమన్నాడు. తర్వాత రోడ్డు మీదకి వెళ్ళి, వచ్చే బళ్ళని చూస్తూ నించుని, ఒక వ్యాన్‌కి చెయ్యెత్తాడు. పరుపులు నింపుకుని పోతున్న వ్యాను. డ్రైవరు తెలిసినవాడే.

"నిదానం! నీ బండి ఆగిందా? ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడు?"

"వీణ్ణి ఊళ్ళో రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దింపాలి. పెళ్ళుంది."

"ఎవరిది?"

"వీళ్ళ అక్కది" అన్నాడు నిదానం.

వ్యాన్ డ్రైవరు ఆ అక్క ఎవరో తెలియనివాడేమీ కాదు. ఇంక ఏమీ అడగలేదు. ముందు సీట్లో అప్పటికే ఇద్దరున్నారు. బావమరిది వెనక పరుపుల మీదకి ఎక్కాడు. ఎక్కాక గుర్తొచ్చి, "నా చొక్కా!" అన్నాడు. నిదానం క్యాబిన్‌లోంచి హ్యాంగరుతో సహా తెచ్చి అందించాడు.

"మంచినీళ్ళు?"

"వద్దులే" అన్నాడు బావమరిది అటు చూస్తూ. వ్యాను కదిలింది. పరుపుల గుట్ట మీద చొక్కా పైకెత్తి పట్టుకుని, జెండా మోస్తున్నట్టు వెళ్ళిపోయాడు.

మెకానిక్ వచ్చేసరికి ఎండ వాలుతోంది. అప్పటిదాకా నిదానం బండి నీడలో కూర్చుని ఉన్నాడు. నీడ జరిగినప్పుడు జరిగాడు. ఎదురుగా రోడ్డు అవతల ఎవరో ఇల్లు కడుతున్నారు. ఒకడు ఇటుకలు విసురుతుంటే పైనున్నవాడు పట్టుకుంటున్నాడు. ఆ పెళ్ళి అయిపోయి ఉంటుందా అనుకున్నాడు ఒకసారి. అనుకుంటే ఏదైనా అవుతుందేమోనని చూశాడు. ఇటుక వెళ్ళింది, పైవాడు పట్టుకున్నాడు.

మెకానిక్ గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి. ఇంట్లో కొత్తగా పాప పుట్టిందట. పాప ఎవరి పోలికో, ఎన్నిసార్లు లేస్తుందో, వాళ్ళ అత్తగారు ఏమంటుందో, అన్నీ చెబుతూనే కంప్యూటరు తగిలించి, ఇంజిన్ కిందకి దూరి, టార్చి వేసి చూశాడు.

"దొరికిందన్నా. ఇంజిన్‌కి గాలి తీసుకెళ్ళే గొట్టం ఉంది చూడు, క్లిప్పు దగ్గర చీలింది. లోపల చీలిక, పైకి కనపడదు. గాలి సరిపోక మసి ఎక్కువ కట్టింది. గొట్టం మార్చి, నా కంప్యూటరుతోనే ఫిల్టరు కాల్చేస్తాను. ఇంకాసేపు తొక్కుంటే ఫిల్టరు మొత్తం పోయేది, మంచి పని చేశావు ఆపి."

"చెప్తే ఆపాను" అన్నాడు నిదానం.

మెకానిక్ పట్టించుకోలేదు. "అయినా అన్నా, గొట్టం ఒక్కటే కాదు. బండి నడవకుండా ఇంజిన్ తిరగడం బాగా ఎక్కువుంది. ఆన్ చేసి కూర్చుంటావా?"

"కూర్చుంటాను."

"అది మానెయ్యాలి. కదలకుండా తిరిగితే పొగగొట్టం వేడెక్కదు, మసి కాలదు, పేరుకుంటుంది. ఎన్నిసార్లు కాల్చినా మళ్ళీ ఇదే తంతు. ట్రిప్పు అవగానే తాళం తీసి జేబులో వేసుకుని ఇంటికి పోయి హాయిగా పడుకో. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"ఎవరూ లేరు."

"ఊళ్ళోనా, బయటా ఇల్లు?"

"ఇల్లు లేదు" అన్నాడు నిదానం.

ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు అప్పటిదాకా. అనాల్సిన అవసరం రాలేదు. తెలిసినవాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళు అడగలేదు. మెకానిక్ చేతిలో పానా అలాగే ఆగింది. వచ్చిన దగ్గర్నుంచి అతను నోరు మూసింది అప్పుడొక్కసారే. తర్వాత మళ్ళీ గొట్టం బిగిస్తూ, కాస్త గొంతు తగ్గించి పాప సంగతే అందుకున్నాడు.

మసి కాలుతున్నంతసేపూ ఇద్దరూ దూరంగా నించున్నారు. లైట్లు ఒక్కొక్కటే పోయాయి. ముందు ఎరుపు, తర్వాత ఇంజిన్ బొమ్మ, ఆఖరికి మొదట వెలిగిన పసుపు. మెకానిక్ సామాను సర్దుకుంటుంటే ఫోను మోగింది. బావమరిది.

"అయిపోయింది బావా. నాకోసం ఆగారు."

"టైముకి చేరావా?"

"ఆలస్యమే. వాళ్ళు మెట్లమీద కూర్చుని ఉన్నారు. చొక్కా నిండా దూది. అక్కే దులిపింది. మరి బండి?"

"గాలి గొట్టం చీలింది. మార్చాడు."

"గొట్టమా!" బావమరిది గొంతులో ఏదో వదులైనట్టు వినపడింది. "అయితే నువ్వు ఆపినా ఆపకపోయినా..."

"నిన్ననే ఆపుంటే నిన్ననే దొరికేది" అన్నాడు నిదానం. "ఉంటా. లోడు దింపాలి."

మర్నాడు కాగితం చుట్టలు దింపిన అచ్చాఫీసు గోడౌన్ దగ్గర కలిశారు. బావమరిది చేతిలో స్టీలు డబ్బా ఉంది. పెళ్ళి భోజనం, అక్క కట్టించింది. నిదానం క్యాబిన్ మెట్టు మీద కూర్చుని డబ్బా తెరిచి, అడుగు కనపడేదాకా తిన్నాడు.

"ఎలా ఉంది?"

"ఏది?"

"తిన్నది, బావా."

నిదానం ఖాళీ డబ్బాలోకి చూశాడు. "బానే ఉండాలి. అయిపోయింది కదా."

బావమరిదికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నిదానం నీళ్ళ సీసా తీసి ఇచ్చాడు. ముందురోజు మాట మళ్ళీ ఎత్తలేదు ఇద్దరూ. ఆ తర్వాత కూడా ఎత్తలేదు.

మెకానిక్ చెప్పినట్టుంది, యార్డులో ఇంజిన్ ఆన్‌లో పెట్టి కూర్చోవద్దని ఆఫీసు నుంచి గట్టిగా మాట వచ్చింది. ఒకటి రెండు సెలవులు నిదానం ఇంజిన్ ఆపేసి పడకమీద పడుకుని చూశాడు. ఆ నిశ్శబ్దంలో కళ్ళు తెరుచుకుని పైకప్పు చూడటమే సరిపోయింది. ఈసారి బావమరిది "రూము చూస్తాను" అనలేదు. చూసేసి, తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టాడు. రెండు సంచులూ తనే మోసుకెళ్ళి అక్కడ పడేసి వచ్చాడు.

సైకిలు షాపు వెనక ఒంటి గది. ఒక కిటికీ, ఒక కుళాయి, గోడకి చెక్క అల్మరా. ఇంటావిడ ఒకప్పుడు బస్సు కండక్టరుగా చేసిందట. ఇప్పటికీ ఎవరైనా గుమ్మంలో నిలబడితే "లోపలికి జరగండి, జరగండి" అంటుంది. గదిలో మొదట్లో నిద్ర పట్టలేదు. పగలు సైకిలు షాపులో గాలి పంపు కొడుతుంటే ఆ చప్పుడుకి కాస్త కునుకు పట్టేది. అలా కొన్నాళ్ళకి పంపు ఆగినా మెలకువ రాకుండా పడుకోవడం అలవాటైంది.

ఒక సెలవు రోజు ఇంటావిడ టేపు పట్టుకుని వచ్చింది.

"కిటికీకి కర్టెన్ లేదు బాబూ. ఎండంతా మొహం మీదే పడుతోంది నీకు. కొలత తీసుకుంటాను, కుట్టించి తెస్తాను. ఏ రంగు కావాలి?"

"ఏదైనా పర్లేదండీ."

"నాకు తెలుసులే ఇలాగే అంటావని" అనుకుంటూ కొలత తీసుకుని వెళ్ళిపోయింది.

నిదానం మంచమ్మీద కూర్చున్నాడు. కిటికీ వైపు చూశాడు. అవతల గోడ, గోడ మీద ఎవరిదో ఆరేసిన తువ్వాలు. కాసేపయ్యాక లేచి, చెప్పులు వేసుకుని, వీధి చివరిదాకా గబగబా నడిచాడు. అలా గబగబా నడవడం చూస్తే యార్డులో ఎవరూ నమ్మరు. ఇంటావిడ అప్పుడే మలుపు తిరుగుతోంది.

"ఏమండీ" అని పిలిచాడు. ఆవిడ ఆగింది. దగ్గరికి వెళ్ళాక ఏం చెప్పడానికి వచ్చాడో ఒక్క క్షణం అందలేదు. తర్వాత అందింది.

"నీలం" అన్నాడు. "నీలం రంగు తీసుకోండి."

"ముదురా, లేతా?"

"లేత."

ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండానే కర్టెన్ తెచ్చింది. లేత నీలమే, కానీ జానెడు పొట్టిగా కుట్టారు. కిందనుంచి ఎండ చార ఒకటి నేలమీద పడుతుంది. మళ్ళీ కుట్టిస్తానంది గానీ, పర్లేదన్నాడు. ఇప్పటికీ అదే ఉంది.